అడుగువారు లేని చదువు

*స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయమునకు పయనమగు తెలుగు విద్యార్థులు, వారిని పంపు తల్లిదండ్రులు ముందుగా నెఱుగదగిన సంగతులు*

అక్టోబరు మాసము నడిమి వారము, ఉదయము ఏడున్నర. స్టుట్‌గార్ట్ నగరమధ్యమున బయలుదేరిన ఎస్-బాన్ రైలు ష్వాబ్‌స్ట్రాసె స్టేషను దాటగానే కొండ గర్భమున ప్రవేశించి, అయిదున్నర కిలోమీటర్ల సొరంగములో ఎగువకు సాగి, విశ్వవిద్యాలయము పేరనే వెలసిన భూగర్భ స్టేషనులో నిలుచును. తలుపులు తెఱచుకొన్న మరుక్షణమున వీపున సంచులతో, చెవులలో ఇయర్‌ఫోన్లతో వందలకొలది యువతీయువకులు దిగి, మాటామంతీ లేక ఎస్కలేటరు కుడిప్రక్కన బారు తీరుదురు; ఎడమప్రక్క తొందర గలవారికై ఖాళీగా విడిచెదరు. ఆ బారులో, మెడకు క్రొత్త మఫ్లరు చుట్టుకొని, ఫోనులో గది సంఖ్యను పదే పదే చూచుకొనుచున్న ఒక పిల్లవానిని వెనుకనున్న సీనియరు పలుకరించినాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"నరసరావుపేట అన్నా. వచ్చి పదిరోజులైంది. ఈ వి నలభై ఏడు ఎటు?"

"నాతో రా, నేనూ అటే."

పైకి వచ్చినంతనే ఫాఫెన్‌వాల్డ్ అడవి నుండి చలిగాలి ముఖమునకు తగిలినది. నాలుగడుగులు నడిచిన పిమ్మట కుఱ్ఱవాడు తన మనస్సులోని ప్రధాన సందేహమును బయటపెట్టినాడు: "అన్నా, ఇక్కడ అటెండెన్స్ ఎంత శాతం ఉండాలి?"

"అటెండెన్సా? అదేం లేదు. నువ్వొచ్చావో రాలేదో ఎవడూ చూడడు."

కుఱ్ఱవాని ముఖము వికసించినది. సీనియరు మాత్రము నవ్వలేదు. "సంబరపడకు. మొదటి సెమిస్టర్లో మునిగేవాళ్లంతా అక్కడే మునుగుతారు."

అమెరికా వాకిలి ఇరుకైన వేళ

తెలుగు ఇండ్లలో పెండ్లిమాటల తరువాత అంత తఱచుగా వినవచ్చు ప్రసంగము విదేశ విద్యను గూర్చినదే. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించుచు అమెరికా అధ్యక్షుడు ప్రకటన వెలువరించినది మొదలు, ఆ ప్రసంగము దిశ మార్చుకొన్నది. అమీర్‌పేట కన్సల్టెన్సీల బోర్డులపై జర్మనీ పేరు పెద్ద అక్షరములకెక్కినది. అయితే ఈ ప్రవాహము నిన్న పుట్టినది కాదు. జర్మనీలోని విదేశీ విద్యార్థులలో చైనావారిని వెనుకకు నెట్టి భారతీయులు ప్రథమస్థానము నాక్రమించినది 2022-23 విద్యాసంవత్సరముననే. మరుసటి యేటి శీతకాల సెమిస్టరునకు మనవారి సంఖ్య 49,483. వారిలో మిక్కిలి పెద్ద భాగము ఇంజనీరింగు శాఖలవారే.

"అక్కడ ఫీజులుండవట" అను ఒక్క వాక్యముతో ఈ నిర్ణయములు అనేకము జరిగిపోవుచుండుట చూడగా భయము కలుగుచున్నది. ఆ వాక్యము సగము సత్యమే. స్టుట్‌గార్ట్ ఏ రాష్ట్రమునకు రాజధానియో ఆ బాడెన్-వుర్టెంబర్గ్ ప్రభుత్వము ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులపై సెమిస్టరునకు 1,500 యూరోల రుసుమును 2017 శీతకాలము నుండి విధించియున్నది. పొరుగున బవేరియాలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయము 2024 నుండి మాస్టర్స్ విద్యార్థుల యొద్ద అంతకు రెండున్నర రెట్లకు మించి నాలుగు రెట్ల దాక, 4,000 మొదలు 6,000 యూరోల వఱకు, పుచ్చుకొనుచున్నది. అమెరికాతో పోల్చిన ఇది స్వల్పమే యనవచ్చును. కాని ధనముకంటె ముఖ్యమైన మూల్య మొకటి ఈ చదువునకు కలదు. దానిని ఏ కన్సల్టెన్సీవాడును కాగితముపై వేసి చూపడు.

ఇంజనీర్ల ఊరు

స్టుట్‌గార్ట్ గిన్నెవంటి లోయలో, ద్రాక్షతోటల వాలుల నడుమ నొదిగిన నగరము. కొండలపైని ఇండ్లకు దారులుగా నాలుగు వందలకు మించిన మెట్లబాటలు ఈ ఊరిలో కలవు. క్రొత్తగా వచ్చిన విద్యార్థికి ప్రథమ వ్యాయామశాల అదియే. ఇక్కడ 1829లో వృత్తికళల పాఠశాలగా అంకురించిన విద్యాలయము క్రమముగా పాలిటెక్నికై, ఉన్నత సాంకేతిక విద్యాలయమై, 1967లో విశ్వవిద్యాలయ నామమును ధరించినది. గోట్‌లీబ్ డైమ్లర్ 1857 నుండి రెండు సంవత్సరములు ఇక్కడ చదివినవాడు. తరువాతి కాలమున కాన్‌స్టాట్‌లోని తన తోటయింటి కార్యాగారమున సహచరుడు మైబాఖ్‌తో కలసి తేలికపాటి పెట్రోలు యంత్రమును రూపొందించినాడు. రోబర్ట్ బాష్ 1883-84లో కొన్ని నెలలు అతిథి విద్యార్థిగా తరగతులలో కూర్చుండి, పట్టము లేకయే వెడలి, 1886లో ఈ నగరముననే చిన్న వర్క్‌షాపు తెఱచినాడు. పట్టము లేనివాని కంపెనీలో ఉద్యోగమునకై పట్టభద్రులు నేటికిని బారులు తీరుచుండుట వినోదము గొల్పు సంగతి.

కట్టడముల విద్యలో ఈ విశ్వవిద్యాలయ కీర్తి మఱియు గొప్పది. ప్రపంచమున కాంక్రీటు టెలివిజను గోపురములకు మూలరూపమైన స్టుట్‌గార్ట్ గోపురమును 1956లో నిర్మించిన ఫ్రిట్స్ లియోన్‌హార్ట్ ఇక్కడి ఆచార్యుడు, పిమ్మట రెక్టరు. కలకత్తాలో హుగ్లీనదిపై 1992లో తెఱువబడిన విద్యాసాగర్ సేతువును రూపొందించిన యోర్గ్ ష్లైఖ్ ఇక్కడి ఆచార్యుడే. అనగా హౌరా వైపు పోవు తెలుగు ప్రయాణికుడు తనకు తెలియకయే స్టుట్‌గార్ట్ శాస్త్రము మీదుగా నది దాటుచున్నాడు. ఫ్రై ఓటో 1967 మాంట్రియల్ ప్రదర్శనకై తలపెట్టిన గుడారపు కప్పునకు ముందుగా పరీక్షార్థము కట్టిన నమూనా నేడు వైహింగెన్ ఆవరణలో ఒక పరిశోధనాసంస్థకు ఇల్లయి నిలిచియున్నది. దాని చేరువనే 2021లో లేచిన 36.5 మీటర్ల పండ్రెండంతస్తుల ప్రయోగగోపురమున స్తంభములలో హైడ్రాలిక్ సిలిండర్లు అమర్చబడినవి. గాలి త్రోసినపుడు ఆ త్రోపును అవి ఎదుర్కొని భవనమును నిలువరించును. పుస్తకములో గీసిన బలరేఖలను కంటితో చూడగోరు సివిల్ విద్యార్థికి అంతకంటె నేమి కావలయును?

> ఒక్క చూపులో
>
> • ఆవరణలు రెండు: నగరమధ్యమున ఒకటి, అడవి అంచున వైహింగెన్‌లో మఱియొకటి. ఇంజనీరింగు శాఖలలో పెక్కు వైహింగెన్‌లోనివే. ఎస్1, ఎస్2, ఎస్3 రైళ్లు రెంటిని కలుపును.
>
> • విద్యార్థులు 20,000కు పైగా, ఫాకల్టీలు 10. జర్మనీలోని తొమ్మిది ప్రధాన సాంకేతిక విశ్వవిద్యాలయముల టీయూ9 కూటమిలో సభ్యత్వము కలదు.
>
> • బ్యాచిలర్స్ చదువు ప్రధానముగా జర్మన్ భాషలోనే. ఇంగ్లీషులో బోధించు మాస్టర్స్ కోర్సులలో మనవారెఱిగినవి: ఇన్ఫోటెక్, కొమాస్, వేస్ట్, వారెమ్.
>
> • తరగతులు శీతకాలమున అక్టోబరు నడుమ నుండి ఫిబ్రవరి వఱకు, వేసవిలో ఏప్రిల్ నుండి జులై వఱకు.

గంట కొట్టని తరగతి

మన పిల్లవాడు ఇంటరులో కార్పొరేట్ కళాశాల హాస్టలులో తెల్లవారుజామున లేపబడి, స్టడీ అవరులో కాపలా కాయబడి, వారాంతపు పరీక్షలో తూచబడి పెరిగినవాడు. బీటెక్కులో ఆ పట్టు కొంత సడలినను, ఇంటర్నల్ మార్కులు, అసైన్‌మెంట్లు, హాజరు శాతము, రికార్డుపై సంతకము అను పగ్గములు మిగిలియేయుండును. ఈ ఇరువది రెండేండ్లలో "చదువుచున్నావా?" అని అడుగువారు లేని దినము వాని జీవితమున లేదు. అట్టివాడు ఒక్కమారుగా ఎవ్వరును అడుగని చోటికి వచ్చి పడుచున్నాడు. నా అభిప్రాయమున స్టుట్‌గార్ట్ చదువులోని కష్టమంతయు ఈ ఒక్క విషయముననే యున్నది. గణితము కాదు, చలి కాదు, తుదకు జర్మన్ భాషయు కాదు.

తరగతి ఒక్కొక్కటి తొంబది నిమిషములు. ఆచార్యుడు వచ్చును, బోధించును, ముగించును. విద్యార్థులు చప్పట్లకు మాఱుగా వ్రేళ్ల కణుపులతో బల్లలను తట్టుదురు. అంతటితో ఆయన బాధ్యత తీరినది. బోధనాపత్రములు ఇలియాస్ అను వేదికలో ఉండును, వానిని వెదకికొనవలసినవాడు విద్యార్థియే. పెక్కు సబ్జెక్టులలో మిడ్ పరీక్షలు లేవు, సెమిస్టరు చివరనుండు ఒక్క పరీక్షయే సర్వస్వము. కొన్నింట అభ్యాసపత్రములలో నిర్ణీత భాగమును సాధించినవానికే పరీక్షాప్రవేశము. ఆ నియమము మొదటి తరగతిలో ఒక్కమారు తెరపై కనబడి మాయమగును.

ఆ పరీక్షకైనను ఎవ్వరో హాల్‌టికెట్టు తెచ్చి చేతికీయరు. క్యాంపస్ పోర్టలులో కొన్ని వారములు మాత్రమే తెఱచియుండు గడువులోపల విద్యార్థి స్వయముగా నమోదు చేసికొనవలెను. గడువు దాటినచో ప్రిన్సిపాలు గదికి పోయి, హెచ్‌ఓడీని బ్రతిమాలి, ఆలస్యరుసుము కట్టి పని చక్కబెట్టుకొను మన పద్ధతి ఇచ్చట సాగదు. సెమిస్టరంతయు చదివినవాడును ఆ పరీక్షకు కూర్చుండలేడు. తప్పిన పరీక్షను మరల వ్రాయుటకు పరిమితమైన అవకాశములే కలవు. అవి తీరినచో ఆ కోర్సు నుండియే పేరు తొలగింపబడును; పేరు తొలగిన విద్యార్థికి నివాసానుమతి చిక్కులు వెంటనే మొదలగును. మన బ్యాక్‌లాగుల లోకమునకును దీనికిని పోలిక లేదు.

పరీక్షలు తరగతులు ముగిసిన పిమ్మట, ఫిబ్రవరి మొదలు కొన్ని వారములపాటు అక్కడక్కడ చెదరియుండును. కావున సెలవులని పేర్కొనబడు కాలమే వాస్తవమున చదువుకాలము. కొందఱు ఆచార్యులు స్వహస్తముతో వ్రాసికొన్న సూత్రముల పుటను వెంట తెచ్చుకొన ననుమతింతురు. మఱికొందఱు పుస్తకములనే అనుమతింతురు. అనుమతి విని సంతసించినవాడు ప్రశ్నపత్రము చూచి నిర్ఘాంతపోవును. ఏలయన అక్కడ అడుగబడునది సూత్రము కాదు. ఎన్నడును చూడని ఒక యంత్రమునకు ఆ సూత్రమును అన్వయింపుమని.

లెక్క చూచుకొన్నను భార మిట్టిదని తెలియగలదు. మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు, నాలుగు సెమిస్టర్లు. ఒక్క క్రెడిట్టునకు 30 గంటల శ్రమ. అనగా ఆరు మాసములలో 900 గంటలు. అందు తరగతిలో గడచునది స్వల్పభాగము. మిగిలిన గంటలకు లెక్క అడుగువాడు లేడు.

మార్కుల సంగతి వేఱొక వింత. ఇక్కడ 1.0 సర్వోత్తమము, 4.0 గట్టెక్కుట, 5.0 తప్పుట. కొడుకు ఫోనుచేసి "నాన్నా, ఒకటి పాయింటు మూడు వచ్చింది" అని ఉత్సాహముతో చెప్పగా, అవతల కొంతసేపు నిశ్శబ్దము ఆవరించి, తరువాత "పోనీలేరా, ఈసారి బాగా చదువు" అను ఓదార్పు వినబడుట తెలుగు విద్యార్థుల గదులలో నవ్వులాటగా చెప్పుకొను కథ.

చేతికి మసి అంటు చదువు

ఈ కఠినమైన ఏకాంతమునకు ప్రతిగా విశ్వవిద్యాలయము ఒసగునది వర్క్‌షాపు. విద్యార్థి సంఘములు ఇక్కడ సాంస్కృతికోత్సవములతో తృప్తి నొందునవి కావు. గ్రీన్‌టీమ్ అను విద్యార్థిబృందము నిర్మించిన విద్యుత్ రేసుకారు 2022లో నిశ్చలస్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును 1.461 సెకన్లలో అందుకొని ప్రపంచ రికార్డు సాధించినది. మరుసటి యేడే స్విట్జర్లాండు విద్యార్థులు దానిని అధిగమించిరి. హైఎండ్ అను మఱియొక బృందమువారి రాకెట్టు 2023 ఏప్రిల్‌లో స్వీడనులోని ఎస్రాంజ్ కేంద్రము నుండి 64 కిలోమీటర్ల ఎత్తునకు లేచినది. గాజునారతో నిర్మింపబడిన తొలి గ్లైడరు ఫీనిక్స్ 1957లో ఎగిరినదియు స్టుట్‌గార్ట్ విద్యార్థి వైమానిక సంఘపు కృషిఫలమే.

మన పిల్లలలో పలువురు ఈ బృందముల యొద్దకు పోరు. "క్రెడిట్లు వస్తాయా?" యనునది మొదటి ప్రశ్న; తఱచుగా రావు. రాత్రి పదింటివఱకు బ్యాటరీపెట్టెకు మరలు బిగించుచు, తెలియని భాషలో మాట పడుచు, జీతము లేక పనిచేయుట వ్యర్థమని వారికి తోచును. కాని ఇంటర్వ్యూ చేయు ఇంజనీరు తానును ఒకనాడు అట్టి గ్యారేజీలో మరలు బిగించినవాడై యుండుట ఈ ప్రాంతమున అరుదు కాదు. వాని ఎదుట 1.3 మార్కు చేయలేని పనిని, విఱిగిన సస్పెన్షను భాగమును గూర్చిన అయిదు నిమిషముల సంభాషణ చేయగలదు.

> ధనము లెక్క
>
> • విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంటులో ముందుగా చూపవలసినది 2024 సెప్టెంబరు నుండి సంవత్సరమునకు 11,904 యూరోలు. రూపాయలలో ఇంచుమించు 12 లక్షలు. అందు నెలకు 992 యూరోలు మాత్రమే చేతికందును.
>
> • భారతీయ పట్టములను పరిశీలించు ఏపీఎస్ ధ్రువపత్రము 2022 నవంబరు నుండి తప్పనిసరి.
>
> • సెమిస్టరునకు 1,500 యూరోల రుసుము గాక, ఇంచుమించు 200 యూరోల సెమిస్టరు చందా. ఆరోగ్యబీమా నెలకు 120 యూరోలకు పైగా.
>
> • చదువుచు పనిచేయుటకు అనుమతి: సంవత్సరమునకు 140 పూర్తి దినములు, లేదా 280 అర్ధదినములు. ఆచార్యుల యొద్ద చేయు సహాయకవృత్తి, అనగా విద్యార్థులు "హివి" యని పిలుచునది, ఈ లెక్కలోనికి రాదు.

గది, గరిట, చీపురు

ప్రవేశపత్రముకంటె గది దుర్లభము. స్టుట్‌గార్ట్ అద్దెలు జర్మనీలో అధికమైన వానిలోనివి. విద్యార్థి సంక్షేమసంస్థ నడుపు ఆల్మాండ్‌రింగ్, ఫాఫెన్‌హోఫ్, ష్ట్రౌస్‌ఎకర్ వంటి వసతిగృహములు చవకయు, ఆవరణమునకు చేరువయు నగుటచే నిరీక్షకుల పట్టిక దీర్ఘము. ప్రవేశము స్థిరపడిన దినముననే దరఖాస్తు పెట్టుట ఉత్తమము. వెలుపల పంచుకొను ఇండ్లలో గది కావలెనన్నచో అచ్చటి నివాసులు క్రొత్తవానిని పిలిచి, కాఫీ ఇచ్చి, వంట వచ్చునా, రాత్రులు సంగీతము పెట్టెదవా యని ప్రశ్నింతురు, అదియొక పెండ్లిచూపు. చూడని గదికి ఫోటో చూచి అడ్వాన్సు పంపరాదు; ఆ వల పన్నువారు సెప్టెంబరు మాసముననే మెలకువగా నుందురు.

అద్దెయింట చేరిన కొన్ని దినములకు తలుపు పిడికి ఒక చిన్న పలక వ్రేలాడుచు కనబడును. అది ఈ వారము మెట్లు, నడవ, వాకిలి ఊడ్చు వంతు నీదను ఆజ్ఞ. "కేర్‌వోఖె" యని పేరొందిన ఈ ఆచారమును ఈ ప్రాంతవాసులైన స్వాబియన్లు ఎంత శ్రద్ధగా పాటింతురో, దానిని మఱచినవానిని అంత శ్రద్ధగా గమనింతురు. పని ముగించి ఆ పలకను ప్రక్కింటి తలుపునకు తగిలించిననే విముక్తి. ఇంటియొద్ద చీపురు పట్టని కొడుకులు ఇక్కడ మెట్లు తుడుచు ఫోటోలు తల్లులకు చేరుచున్నవట. ఆదివారమున దుకాణములు మూసియుండును. ఆనాడు గోడకు మేకు కొట్టరాదు, గాజుసీసాలను వీధితొట్టిలో వేయనురాదు. శనివారము రాత్రిలోగా పాలు, బియ్యము చూచుకొనవలెను.

మధ్యాహ్నము మెన్సా యను విద్యార్థి భోజనశాలలో విద్యార్థి ధరకు వేడి భోజనము దొరకును, శాకాహారమును లభించును. ష్పేట్స్‌లె, మౌల్‌టాషెన్ అను స్వాబియన్ వంటకములు నాలుకకు అలవాటగుటకు ఒక శీతకాలము పట్టును. గదికి వచ్చి పప్పునకు ఎండుమిరప తాలింపు పెట్టిన మరుక్షణము కప్పునకున్న పొగ అలారము కూయుట మొదలిడును. కిటికీ తెఱచిన పిమ్మటనే నూనె కాగబెట్టవలెననునది సీనియర్లు చెప్పు ప్రథమపాఠము.

డిసెంబరులో ఎనిమిదింటికి గాని తెల్లవారదు. సాయంకాలము నాలుగున్నరకే చీకటి. తరగతికి పోకున్నను అడుగువారు లేరు గనుక, ఈ చీకటిలో గదిలోనే ఉండిపోవుట సులభము. ఒకవారము రెండు వారములగును. ఇంటికి ఫోనులో అంతయు బాగున్నదని చెప్పుట సాగుచునేయుండును. సంక్షేమసంస్థలో మానసిక సలహాదారులు కలరు. వారి యొద్దకు పోవుట అవమానమని తలచు సంకోచమును మనవారు విమానమెక్కకముందే వదలుకొనుట మేలు.

జర్మన్ రాని ఇంజనీరు

కోర్సు ఇంగ్లీషులో నున్నదని జర్మన్ భాషను ఉపేక్షించుట మనవారి సామాన్యదోషము. తరగతిలో అది చెల్లును. రైలు నిలిచిపోయిన ప్రకటన, ఇంటి ఒప్పందము, నగరకార్యాలయపు లేఖ, వైద్యుని ప్రశ్న — ఏదియు ఇంగ్లీషున రాదు. ఉద్యోగపు విషయము మఱింత కఠినము. బాష్ సంస్థ తన వాహనవిభాగమున మఱి 13,000 ఉద్యోగములను తగ్గింతునని 2025 సెప్టెంబరులో ప్రకటించినది. ఆ దెబ్బ తగులు స్థలములలో ఫొయెర్‌బాఖ్, ష్వీబర్డింగెన్ ఈ నగరపు వాకిలిలోనివే. మెర్సిడెస్, పోర్షెలును పొదుపు బాట పట్టియున్నవి. ఖాళీలు విరివిగా నున్న దినములలో భాష రానివానిని చేర్చుకొన్న సంస్థలు ఇప్పుడు భాష వచ్చినవారినే వడపోయుచున్నవి. వచ్చిన పిమ్మట నేర్చుకొందమనువాడు 900 గంటల లెక్కలో భాషకు చోటు కానక మిగులును; హైదరాబాదులోనో విజయవాడలోనో బీ1 స్థాయి ముగించి వచ్చినవానికి రెండవ సెమిస్టరుననే చిన్న ఉద్యోగము, దానివెంట సంస్థలో థీసిస్ అవకాశము చేరువగును.

పట్టము చేతికి వచ్చిన తరువాత తగిన ఉద్యోగము వెదకుకొనుటకు 18 మాసముల నివాసానుమతి లభించును. అది ఉదారమైన గడువే. చిక్కు దానికి ముందే యున్నది. నాలుగు సెమిస్టర్ల చదువు నాలుగింటనే ముగియుట నియమము కాదు. ఒక పరీక్ష తప్పుట, ఆరు మాసముల ఇంటర్న్‌షిప్పు, థీసిస్‌కు ఆచార్యుడు దొరకుటలో జాప్యము కలసి అయిదు, ఆరు సెమిస్టర్లగుట ఇక్కడ సామాన్యము, జర్మన్ విద్యార్థులకును అంతే. ఎవ్వరును దానిని తప్పుగా నెంచరు. మన బ్యాంకుల విద్యారుణము మాత్రము కోర్సు కాలము రెండేండ్లని వ్రాసికొని, సాధారణముగా ఆపైని ఒక యేడాది గడువిచ్చి, వాయిదాలు కోరనారంభించును. మూడవ యేడు నిండునప్పటికి పిల్లవాడు థీసిస్‌ను ఇంకను సవరించుచుండును, లేదా తొలి దరఖాస్తులకు జవాబులకై ఎదురుచూచుచుండును. ఇంటియొద్ద తండ్రికి వాయిదా నోటీసు అందును. కావున ఋణపత్రముపై సంతకము చేయుటకు ముందే మూడేండ్ల ఖర్చు లెక్కవేసి, చదువు పొడిగినచో గడువు పెంచు వీలు గలదా యని బ్యాంకు మేనేజరు నడిగి, ఆ సమాధానమును కాగితముపై వ్రాయించుకొనవలెను.